కిటికీ పక్కన తలుపు

ఆ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీలు రెండు. ఎడమ కిటికీ దగ్గర పదిమంది నిలబడితే పావుగంటలో వరస కరిగిపోతుంది. కుడి కిటికీ దగ్గర ఐదుగురున్నా అరగంట పడుతుంది. తెలిసినవాళ్లు ఎడమవైపుకే పోతారు. తెలియనివాళ్లూ, తొందర లేనివాళ్లూ, చెవులు సరిగా వినపడని ముసలివాళ్లూ కుడివైపు చేరతారు. ఆ కిటికీ వెనక కూర్చునే మనిషిని అందరూ మాస్టారంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఫార్మసిస్టు. అయినా మాస్టారే. ఎందుకంటే చీటీని పైకి చదువుతాడు, అదీ రెండుసార్లు, ఆపైన ఎదుటివాళ్ల చేత అప్పజెప్పించుకుంటాడు.

"ఇది పొద్దున ఒకటి, తిన్నాక. ఇది రాత్రి సగం. ఇప్పుడు మీరు చెప్పండి."

"పొద్దున ఒకటి, రాత్రి సగం."

"తిన్నాకా, తినకముందా?"

"తిన్నాకే లెండి మాస్టారూ. తప్పు చెబితే గోడకుర్చీ వేయిస్తారా ఏంటి?" అని ఒకసారి ఒకావిడ అంటే వరసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కవరు మీద "తిన్నాక" అన్న మాట కింద ఇంకో గీత గీశాడు.

ఎడమ కిటికీ ఆవిడ ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చేతికి చురుకు, నోటికి ఇంకా చురుకు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మీ చాదస్తమూ అంతే మాస్టారూ," అంటుంది. పాపం, ఆవిడకి తెలియదు. ఆ చాదస్తం పుట్టుకతో రాలేదు. ఆరేళ్ల కిందట ఒక సోమవారం వచ్చింది.

దాని సంగతి చెప్పాలంటే ముందు ఆయన ఆ కిటికీ వెనక్కి ఎలా చేరాడో చెప్పాలి.

ఆయన తండ్రి దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో సంసారం. కొడుకు పద్దెనిమిదో ఏట రెండు జాబితాల్లోనూ సీటు తెచ్చుకున్నాడు, ఒకటి వైద్యానికి, ఒకటి ఫార్మసీకి. వైద్యం జాబితాలో అతనిది ఆఖరి సీటు. ఆ వెనక నంబరు, అంటే అంగుళం దూరంలో ఆగిపోయిన నంబరు, అతనితో ఆరేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడిది. ఏదో ఒకటి తేల్చుకోమని మూడు రోజులు గడువిచ్చారు. దర్జీకి గడువుతో పనేముంది. మొదటిరోజే తెల్లగుడ్డ తెచ్చి, కొడుకుని నిలబెట్టి, భుజాలు కొలిచి, డాక్టరు కోటుకి కత్తిరించేశాడు.

మూడోరోజు కొడుకు ఫార్మసీ అన్నాడు.

"ఎందుకురా?" అన్నాడు తండ్రి.

"రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి నాన్నా."

"మొన్న నా వేలు సూది కింద పడితే కట్టు కట్టింది నువ్వే కదరా."

తండ్రి ఇంక అడగలేదు. కత్తిరించిన ముక్కలు మడిచి మిషను మీద పెట్టి, చాలాసేపు వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు.

అసలు కారణం అంతకు రెండేళ్ల ముందుది. తల్లికి కడుపులో గడ్డ తీస్తామని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లారు. సాయంత్రానికి ఆ తలుపు తోసుకుని ఒక డాక్టరు బయటికొచ్చి, తీయలేకపోయామని, ఆవిడ పోయిందని చెప్పాడు. కుర్రడాక్టరు, మీసాలు కూడా సరిగా రాలేదు. అమ్మమ్మ వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకుంది. "ఈ చేతులతోనేనా నాయనా? ఈ చేతులతోనేనా?" అని అడుగుతూనే ఉంది. అతను చేతులు విడిపించుకోలేదు. "అవునమ్మా," అన్నాడు. పదహారేళ్ల కుర్రాడు అమ్మమ్మని చూడలేదు, తలుపు వంక చూడలేదు. ఆ చేతుల వంకే చూశాడు. ఎప్పటికైనా తన చేతుల్ని ఎవరూ అలా పట్టుకోకూడదని ఆ రోజే అనుకున్నాడు.

ఈ మాట తండ్రికి చెప్పలేదు. బెంచీ స్నేహితుడికి చెప్పాడు.

"మందులిచ్చే కిటికీ దగ్గర ఎవరూ చావరు రా."

"అయితే నీ సీటు నాకొస్తుందా?" అన్నాడు స్నేహితుడు, అడగడానికే సిగ్గుపడుతూ.

సీటే కాదు, కోటు కూడా వెళ్లింది. కత్తిరించిన గుడ్డ వృథా పోవడమంటే దర్జీకి ప్రాణం పోయినంత పని. భుజాల దగ్గర అరంగుళం లోపలికి మడిచి, ఆ కుర్రాడికే కుట్టి ఇచ్చాడు.

పిరికితనంతో వెళ్లినా, వెళ్లిన పనిని మన మనిషి ప్రేమించాడు. అది ఒప్పుకోవాలి. ఏ మాత్ర దేనితో పడదో, ఏది పాలతో వేసుకుంటే పనిచేయదో, ఏది గర్భిణి ముట్టుకోకూడదో, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. డాక్టర్లు రాసిన చీటీల్లో పొరపాట్లు పట్టుకోవడంలో ఆయనకి ఆయనే సాటి. ఆ ఆసుపత్రి మందుల గదిలో ఒక పద్ధతి ఉంది. చీటీ మీద అనుమానమొస్తే దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాలి. డాక్టరుకి ఫోన్ చేయాలి. ఆయన చెప్పిన జవాబు ఆ చీటీ వెనకే రాసి, వేళ వేసి, సంతకం పెట్టాలి. అప్పుడే చీటీని మళ్లీ తిప్పాలి. బోర్లా ఉన్న చీటీకి మందివ్వడం ఆ గదిలో పాపం కింద లెక్క. ఫోన్‌లో తేలకపోతే ఆయన చీటీ పట్టుకుని మేడమెట్లెక్కి డాక్టరు గదికే పోయేవాడు. అలా నాలుగుసార్లు వెళ్లాడు, నాలుగుసార్లూ ఆయన మాటే నిజమైంది.

బెంచీ స్నేహితుడు కీళ్లజబ్బుల డాక్టరై, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఆ ఆసుపత్రికే వచ్చాడు. మేడ మీద అతను, కింద ఈయన. మధ్యాహ్నాలు కలిసే తినేవాళ్లు. "మీ నాన్న కుట్టిన కోటు ఇంకా ఉంది రా, భుజాలే బిగుతు," అనేవాడు డాక్టరు. ఈయన నవ్వేవాడు. నవ్వేవాడే గాని, ఆ మాట వచ్చిన ప్రతిసారీ గొంతులో ముద్ద దిగడానికి కాస్త ఆలస్యమయ్యేది. వదిలేసిన సీటు వదిలేసినట్టే ఉండదు, మనిషి రూపంలో వచ్చి ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది.

ఆ సోమవారం జనం విరగబడ్డారు. కిటికీలోంచి ఒక పెద్దాయన చీటీ అందించాడు. వెనక బెంచీ మీద భార్య కూర్చుని ఉంది, వేళ్లు వాచిపోయి, చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి. చీటీలో రెండే మందులు. ఒకటి కీళ్లకిచ్చే చిన్న పసుపు మాత్ర. అది వారంలో ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే మనిషి రక్తాన్నే తినేస్తుంది. రెండోది విటమిను, రోజూ వేసుకునేది. డాక్టరు తొందరలో రెండు వరసల్నీ తారుమారు చేశాడు. పసుపు మాత్ర ఎదురుగా "రోజూ" అనీ, విటమిను ఎదురుగా "వారానికోసారి" అనీ రాశాడు.

ఈయన చూడగానే పట్టుకున్నాడు. చీటీ బోర్లా పెట్టి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, పసుపు మాత్ర రోజూ అని రాశావు. ఒకసారి చూసుకో."

అటువైపు ఎవరో అరుస్తున్నారు, ఏదో కిందపడిన చప్పుడు. "బయట అరవై మంది ఉన్నారు రా. పొద్దుటినుంచి నువ్వు ఫోన్ చేయడం ఇది మూడోసారి. డాక్టరు అవ్వాలని అంత సరదాగా ఉంటే ఆ రోజే కోటు తొడుక్కోవాల్సింది. రాసింది ఇవ్వు," అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

ఇంకెవరైనా ఆ మాట అనుంటే ఈయన మెట్లెక్కేవాడు. అన్నది అతను కాబట్టి చెవులు కాలిపోయాయి. సరే, నీ మాటే నెగ్గనీ, ఏదైనా అయితే నీకే తెలుస్తుంది అనుకున్నాడు. అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది, రెప్పపాటు. చీటీ వెనక ఏమీ రాయకుండానే దాన్ని తిప్పాడు. పసుపు మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేసి, దాని మీద గుండ్రటి అక్షరాలతో "రోజూ" అని రాశాడు.

పెద్దాయన కవరు తిప్పి చూసుకుని అడిగాడు. "రోజూనా బాబూ?"

"రోజూనే," అన్నాడు ఈయన, తల ఎత్తకుండా.

ఎనిమిదోరోజుకి ఆవిడ నోరంతా పుళ్లు. మంచినీళ్లు కూడా మింగలేక ఏడ్చిందట. జ్వరంతో అదే ఆసుపత్రికి తీసుకొచ్చారు. పదిహేడోరోజున మేడ మీద వార్డులో పోయింది.

విచారణ జరిగింది. పొడుగు బల్ల, ముగ్గురు అధికారులు, ఇటు పక్క కుర్చీల్లో స్నేహితులిద్దరూ. "చీటీ చూసినప్పుడు మీకు అనుమానం రాలేదా?" అని అడిగారు. చీటీ వాళ్ల ముందే ఉంది, వెనక తెల్లగా.

"రాలేదండీ," అన్నాడు ఈయన.

డాక్టరు తల తిప్పి ఒక్క క్షణం ఈయన వంక చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. ఫోన్ సంగతి చెబితే డాక్టరు మీద ఇంకో తప్పు పడుతుంది, తెలిసి ఇచ్చినందుకు ఈయన మీదా పడుతుంది. అందుకని ఇద్దరూ మింగేశారు. "డాక్టరు రాతలో పొరపాటు. ఫార్మసిస్టు రాసింది ఇచ్చాడు," అని కాగితం మీద తేల్చారు. డాక్టరుకి మందలింపు, ఈయనకి ఏమీ లేదు. కలిసి తినడం ఆ రోజుతో ఆగిపోయింది. పది నెలల తర్వాత డాక్టరు ఉద్యోగం మానేశాడు. పోయేముందు కిటికీ దగ్గరికొచ్చి, "వెళ్తున్నాను రా," అన్నాడు. ఈయన చీటీ చదువుతున్నాడు. తల ఎత్తేసరికి కిటికీలో ఇంకెవరో ఉన్నారు.

అప్పటికే రెండుసార్లు చదవడం అలవాటైపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఇంకెవరి గురించో అంటే ఆయనా నవ్వి ఊరుకునేవాడే.

ఇక్కడితో అయిపోతే కథే లేదు. డాక్టరు వెళ్లిన మరుసటి నెల, మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడింటికి, కుడి కిటికీలో ఆ పెద్దాయన కనబడ్డాడు. తన రక్తపోటు మాత్రల కోసం వచ్చాడు. ఈయనకి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. చీటీ రెండుసార్లు చదివాడు. పెద్దాయన తప్పు లేకుండా అప్పజెప్పి, కవరు తిప్పి చూసుకుని, "రోజూనా బాబూ?" అన్నాడు.

"రోజూనే పెద్దాయనా."

ఆ తర్వాత ప్రతి నెలా అంతే. మొదటి సోమవారం, మూడింటికి. ఎడమ కిటికీ ఖాళీగా ఉన్నా ఇటే నిలబడతాడు. రెండు బస్సులు మారి వస్తాడట. చివర్లో అదే మాట, "రోజూనా బాబూ?" ఐదేళ్లలో అరవైసార్లు విన్నాడు. అరవైసార్లూ కక్కలేక మింగలేక "రోజూనే" అన్నాడు. ఆదివారం సాయంత్రం నుంచే ఆయనకి అన్నం సహించేది కాదు. సోమవారం కదా, పనికి వెళ్లబుద్ధి కాదేమో అనుకునేది భార్య.

ఇప్పుడు ఆ ఇంట్లో మళ్లీ రెండు సీట్లొచ్చాయి. కూతురుకి పద్దెనిమిదేళ్లు. వైద్యంలో ఒకటి, ఫార్మసీలో ఒకటి. ఏదో ఒకటి సోమవారం సాయంత్రం ఐదులోగా ఫోన్‌లోనే నొక్కేయాలి. మన కాలంలో మూడు రోజులు కుమిలే అవకాశమైనా ఉండేది, ఇప్పుడు వేలు పెడితే చాలు. అదీ నెలలో మొదటి సోమవారమే అయింది.

పొద్దున టిఫిను దగ్గర తల్లి ఇడ్లీ వడ్డిస్తూ మొదలుపెట్టింది. "చేతికొచ్చిన డాక్టరు సీటు వదులుకుంటుందట. ఏమండీ, మీరన్నా చెప్పండి."

"నాన్న చెప్పిందే నేను చేస్తున్నానమ్మా," అంది కూతురు. "మందులిచ్చే కిటికీ దగ్గర ఎవరూ చావరని నా చిన్నప్పుడు చెప్పారు కదా నాన్నా. నాకూ అదే కావాలి. నా వల్ల ఎవరూ పోకూడదు."

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. పిల్లకి ఎనిమిదేళ్లప్పుడు ఏదో మాటల్లో అన్నాడు. పిల్లలు మనం చెప్పిన మంచిమాటలన్నీ వదిలేసి ఇలాంటి ఒక్కటి దాచుకుంటారు.

"మధ్యాహ్నం ఆసుపత్రికి రా తల్లీ. అక్కడ మాట్లాడదాం," అన్నాడు.

ఒంటిగంటకి కూతురు వచ్చింది. మందుల గది వెనక సామాను గదిలో, అట్టపెట్టెల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన మొదటిసారి నోరు విప్పాడు. బోర్లా పెట్టిన చీటీ దగ్గర మొదలుపెట్టి, విచారణలో "రాలేదండీ" అన్న మాట దాకా చెప్పాడు. నీకే తెలుస్తుంది అనుకున్న ఆ రెప్పపాటు సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ మాత్రల పెట్టె మీది చీటీని గోటితో గీకుతూనే ఉన్నాడు.

కూతురు ఆ పెట్టెని ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ తాతగారు ఇంకా వస్తారా?"

"ఈ రోజే. మూడింటికి."

"ఆయనకి చెప్పారా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పారు నాన్నా?"

నువ్వు నాలా కాకూడదని అనబోయాడు. అదీ అబద్ధమే అనిపించింది. కూతురికి చెప్పడం తేలిక, కూతురు ఎక్కడికీ పోదు. పిల్ల లేచి, బయట వరస పక్కన బెంచీ మీదికి వెళ్లి కూర్చుంది. ఆరేళ్ల కిందట ఆవిడ కూర్చున్న బెంచీ అదే. ఆ సంగతి పిల్లకి తెలియదు.

మూడింటికి పెద్దాయన వచ్చాడు. ముందటికంటే వంగిపోయాడు. చీటీ కిటికీలోంచి లోపలికి జరిపాడు. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు గాని పైకి చదవలేదు. బెంచీ మీద నుంచి కూతురు చూస్తోంది. ఆయన చీటీని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఏం బాబూ, రాతలో తేడా ఉందా?" అన్నాడు పెద్దాయన.

"చీటీలో లేదు పెద్దాయనా. ఒక్క నిమిషం."

కిటికీ పక్కనే ఒక తలుపుంది. పనివేళల్లో దాన్ని తీయరు, లోపల గడియ పెట్టే ఉంటుంది. ఆయన గడియ తీసుకుని బయటికొచ్చాడు. వరసలోవాళ్లు వింతగా చూశారు. మాస్టారికి నడుం పైభాగమే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నట్టు. ఎడమ కిటికీ ఆవిడ చేస్తున్న లెక్క ఆపేసింది. ఆయన పెద్దాయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు. అవతల పక్క కూతురు ఉంది.

"మీ ఆవిడ మాత్రలు నేనే ఇచ్చాను," అన్నాడు.

"ఇచ్చావు."

"అది రోజూ వేసుకోకూడదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. మీరు రోజూనా అని అడిగారు. రోజూనే అన్నాను."

పెద్దాయన చేతికర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, దాని మీద చేతులుంచాడు. ఆశ్చర్యపోలేదు. మాస్టారికి అదే అర్థం కాలేదు.

"డాక్టరుగారు మా ఇంటికొచ్చారు బాబూ," అన్నాడు పెద్దాయన. "ఉద్యోగం వదిలేసి వెళ్లేముందు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద కూర్చున్నారు. నేనే తప్పు రాశానన్నారు. కిటికీ దగ్గర మనిషి ఫోన్ చేసి అడిగాడు, నేనే నోరు పారేసుకున్నాను, అతన్నేమీ అనకండి అన్నారు. నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. తిట్టాను కూడా. తర్వాత మంచినీళ్లిచ్చి పంపాను."

"మీకు ఐదేళ్లుగా తెలుసా?"

"తెలుసు. మా ఇంటి పక్కనే మందుల షాపుంది. అయినా వస్తున్నాను. నెలనెలా అడుగుతూనే ఉన్నాను కదయ్యా నిన్ను. ఇవాళ చెబుతావేమో, ఇవాళ చెబుతావేమో అని."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమైనా ఒక రకం నిజాయితీయే. ఈయన అరవైసార్లు భుజాల మీద చెయ్యి కూడా వేసుకోలేదు. సిగ్గుతో ఆయనకి ఏడుపు కూడా రాలేదు.

"ఒక్కటడుగుతాను," అన్నాడు పెద్దాయన. "మళ్లీ ఎందుకు ఫోన్ చేయలేదు?"

"కోపమొచ్చింది."

"ఎవరి మీద?"

"డాక్టరు మీద. నన్నొక మాటన్నాడు."

"మా ఆవిడ మీద కాదు కదా."

"కాదు."

పెద్దాయన తలూపాడు, లెక్క సరిచూసుకున్నవాడిలా. "పాపం దానికి మీ ఇద్దరి సంగతీ తెలియదు. డాక్టరుగారు బాగా చూశారని, మాత్రలు బుద్ధిగా వేసుకునేది. నోరు పుండైపోయాక కూడా, మానేస్తే కోప్పడతారేమోనని వేసుకుంది. నేనే వేశాను నోట్లో."

మాస్టారు రెండు చేతులూ చాపాడు. ఎందుకు చాపాడో ఆయనకే తెలియదు. పట్టుకుంటాడనుకున్నాడేమో. పెద్దాయన వాటిని చూశాడు గాని పట్టుకోలేదు. కర్ర ఊతంగా లేచాడు.

"మాత్రలివ్వు బాబూ. బస్సుంది," అన్నాడు.

మాస్టారు లోపలికి వెళ్లి, చీటీ తిప్పి, రెండుసార్లు చదివాడు. పెద్దాయన అప్పజెప్పాడు. కవరు తిప్పి చూసుకోలేదు, జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట కోసం మాస్టారు ఎదురుచూశాడు. పెద్దాయన అడగలేదు. మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఐదవడానికి పది నిమిషాలుండగా కూతురు కిటికీ దగ్గరికొచ్చింది. వరసలో చివర నిలబడి వచ్చింది, అందరిలాగే.

"మెడిసినే పెట్టాను నాన్నా."

ఆయన మనసు తేలిక పడబోయింది. "నేను చెప్పింది విని భయం పోయిందా తల్లీ?"

"పోలేదు. ఇంకా పెరిగింది." పిల్ల కిటికీ చెక్క మీద వేలితో రాస్తూ, కింద చూస్తూనే చెప్పింది. "నేను మీలాంటిదాన్నే కదా. కిటికీ ఉంటే దాని వెనకే ఉండిపోతాను. డాక్టరునైతే తలుపు తోసుకుని బయటికి రాక తప్పదు."

"కిటికీది తప్పు కాదమ్మా. మనిషిది."

"అదే చెబుతున్నాను."

ఆ మాటలో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. వెనకెవరో దగ్గారు. పిల్ల పక్కకి తప్పుకుని, "అమ్మకి నేను చెబుతాను లెండి," అని వెళ్లిపోయింది. అమ్మకి ఏం చెబుతుందో, ఎంతవరకు చెబుతుందో ఆయన అడగలేకపోయాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య స్వీటు తెచ్చి పెట్టి ఉంది, డాక్టరు సీటు తీసుకున్నందుకు. ఆవిడకి స్వీటు వరకే తెలుసు. ఆయన ఒక ముక్క తిన్నాడు.

మర్నాడు జరిగింది జరిగినట్టు రాసి పై అధికారికి ఇచ్చాడు. ఆయన చదివి, కళ్లజోడు తీసి, "మూసేసిన ఫైలు ఇప్పుడెందుకు మాస్టారూ? ఇంకో నాలుగేళ్లలో రిటైరవుతారు, మర్యాదగా వెళ్లండి," అన్నాడు. ఆ కాగితం బల్ల సొరుగులోకి పోయింది. శిక్ష అడిగినా వేసేవాడు దొరకలేదు. డాక్టరు చిరునామా కూడా అక్కడెవరూ చెప్పలేకపోయారు.

తర్వాతి నెల మొదటి సోమవారం ఆయన పొద్దున సరిగా అన్నం తిని వచ్చాడు. రెండున్నర నుంచే గడియారం చూడసాగాడు. పెద్దాయన వస్తే ఈసారి ముందుగానే బయటికెళ్లి, చెయ్యి పట్టుకుని బెంచీ దాకా నడిపించాలనుకున్నాడు. తలుపు గడియ పొద్దుటే తీసి ఉంచాడు.

మూడైంది. మూడున్నరైంది. వరసలో కొత్త మొహాలే. నాలుగింటికి ఎడమ కిటికీ ఆవిడ మాత్రలు లెక్కపెడుతూనే అడిగింది.

"మీ పెద్దాయన ఇవాళ రాలేదేం మాస్టారూ? ఒంట్లో బాగాలేదేమో."

"వాళ్లింటి పక్కనే షాపుంది," అన్నాడు ఆయన.

"మరి ఇన్నేళ్లూ ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

ఆయన లేచి వెళ్లి తలుపుకి గడియ పెట్టి వచ్చాడు. కూర్చుని, వరసలో తర్వాతి చీటీ అందుకుని, చదవడం మొదలుపెట్టాడు.